మొదటి డిగ్రీకే పది లక్షలా? పర్లాకిమిడి నాన్నగారికి జవాబు

ప్రశ్న ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి వచ్చింది. అడిగినాయనకు బజార్లో చిన్న బట్టల కొట్టు ఉంది. వాళ్లమ్మాయి ప్లస్ టూ కామర్స్‌లో 84 శాతం తెచ్చుకుంది, బిజినెస్ ఎకనామిక్స్ చదువుతానంటోంది. భువనేశ్వర్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఏడాదికి 2 లక్షల 20 వేలు ఫీజు చెప్పింది, హాస్టల్, మెస్ కలిపి ఇంకో లక్షా పది వేలు. ఊళ్లోనే ఎస్‌కేసీజీ కాలేజీలో ఎకనామిక్స్ ఉంది. అమ్మాయి స్నేహితురాళ్లు ఢిల్లీ అంటున్నారు. పాతపట్నంలో ఉన్న బావమరిది తన అడ్రస్ మీద ఆంధ్రాలో చేర్పిస్తే ఫీజు ప్రభుత్వమే కడుతుందంటున్నాడు. "ఏది మంచిది సార్? అవసరమైతే బైపాస్ దగ్గర స్థలం అమ్మేస్తాను" అని చివర్లో రాశారు.

అయ్యా, ముందు ఆ స్థలం సంగతి. ఇప్పుడు అమ్మకండి. నేను గంజాం, గజపతి జిల్లాల కాలేజీల్లో ఇరవయ్యారేళ్లు ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. మన తెలుగు ఇళ్లలో ఆడపిల్ల చదువు కోసం స్థలం అమ్ముతానన్న తండ్రి నాకు దేవుడితో సమానం. అందుకే ఆ డబ్బు ఎప్పుడు పెడితే పిల్లకు ఎక్కువ పనికొస్తుందో వివరంగా రాస్తున్నాను. నా మాట ఒకటే: ఈ చదువులో జీతాన్ని తేల్చేది రెండో డిగ్రీ, అంటే పీజీ. అప్పు చేసినా, ఆస్తి అమ్మినా దానికోసం చేయండి. మొదటి డిగ్రీ వీలైనంత తక్కువ ఖర్చులో, వీలైనంత గట్టి పునాదితో పూర్తి కావాలి.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. ఎకనామిక్స్ ఆనర్స్‌లో సిద్ధాంతం, లెక్కలు, స్టాటిస్టిక్స్ ఎక్కువ. బీబీఏలో మార్కెటింగ్, అకౌంట్స్, మేనేజ్‌మెంట్ ఎక్కువ. బిజినెస్ ఎకనామిక్స్ ఈ రెండింటి మధ్యది. కంపెనీ ధర ఎలా పెడుతుంది, గిరాకీని ఎలా అంచనా వేస్తుంది, వడ్డీ రేటు పెరిగితే పెట్టుబడి ఏమవుతుంది అనేవి లెక్క కట్టి చెప్పే చదువు. మన దగ్గరి ఉదాహరణే చెబుతాను. మన కొండల్లో రైతు అమ్మిన జీడిపిక్కలు పలాస చేరి పప్పుగా మారేసరికి సరుకు ఎన్ని చేతులు మారుతుంది, ఏ చేతి దగ్గర ఎంత మిగులుతుంది, ఎందుకు మిగులుతుంది? ఈ ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పగలిగితే ఆ పిల్లకు బిజినెస్ ఎకనామిక్స్ వచ్చినట్టే. అది నేర్పని కోర్సుకు ఎంత గొప్ప పేరు పెట్టినా లాభం లేదు.

ఈ చదువులో దేశంలో బాగా పేరున్నది ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల్లోని బీఏ ఆనర్స్ బిజినెస్ ఎకనామిక్స్. ఒకప్పుడు బీబీఈ అనేవారు. దానికి సీయూఈటీ, అంటే సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో ఒక భాష, జనరల్ టెస్ట్‌తో పాటు మ్యాథ్స్ లేదా అప్లైడ్ మ్యాథ్స్ తప్పనిసరి. ఇక్కడే మన కామర్స్ పిల్లలు చాలామంది ఆగిపోతారు. పైగా సీయూఈటీ దరఖాస్తు గడువు మామూలుగా ప్లస్ టూ ఫలితాలు రాకముందే అయిపోతుంది. రిజల్ట్ చూసుకున్నాక ఢిల్లీ గురించి ఆలోచించడం మొదలుపెడితే ఆ ఏడాదికి దారి మూసుకుపోయినట్టే. మీ అమ్మాయి సీయూఈటీ రాసిందో లేదో మీరు చెప్పలేదు. రాసి, మంచి స్కోరు వచ్చి ఉంటే ఢిల్లీని తప్పకుండా లెక్కలోకి తీసుకోండి. అక్కడ ఫీజు కాలేజీని బట్టి మారుతుంది కానీ మనల్ని భయపెట్టేది ఫీజు కాదు, ఉండడానికి అయ్యే ఖర్చు. కాలేజీ హాస్టల్ అందరికీ దొరకదు. బయట గది, తిండి కలిపి నెలకు 14 వేలు వేసుకున్నా పదకొండు నెలలకు లక్షన్నర దాటుతుంది. ఫీజు, రైలు ప్రయాణాలు కలిపి మూడేళ్లకు ఆరు లక్షల దగ్గరికి వస్తుంది. నా నియమానికి నేను ఒప్పుకునే మినహాయింపు ఇదొక్కటే. అక్కడ తోటి పిల్లలు, సీనియర్లు, ఇంటర్న్‌షిప్‌లు కలిసి ఆ ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చే అవకాశం బాగా ఉంది.

ఇప్పుడు భువనేశ్వర్ లెక్క. మూడేళ్లకు ఫీజు 6 లక్షల 60 వేలు, హాస్టల్ 3 లక్షల 30 వేలు. లాప్‌టాప్, డిపాజిట్లు, రాకపోకలు కలిస్తే పదిన్నర లక్షలు. కొత్త విద్యా విధానం కింద ఆనర్స్ కోసం నాలుగో ఏడు కూడా చదివితే ఇంకో మూడున్నర లక్షలు. కౌన్సెలింగ్‌లో కూర్చున్నవాళ్లు మూడేళ్ల ఫీజే చెబుతారు, నాలుగో ఏడు మాట ఎత్తరు. మీరే అడగండి.

ఇందులో 6 లక్షలు లోన్ తీసుకున్నారనుకుందాం. ఏడాదికి 2 లక్షల చొప్పున, 10 శాతం వడ్డీకి. చదువయ్యాక ఒక ఏడాది వరకు వాయిదాలు మొదలవవు, కానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. మొదటి 2 లక్షల మీద నాలుగేళ్లు, రెండో దాని మీద మూడేళ్లు, మూడో దాని మీద రెండేళ్లు. బారువడ్డీ వేసినా 1 లక్షా 80 వేలు. వాయిదాలు మొదలయ్యే నాటికి అప్పు 7 లక్షల 80 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,300. మొత్తం కట్టేది పన్నెండు లక్షలు దాటుతుంది. అమ్మాయికి మొదటి ఉద్యోగంలో నెలకు 25 వేలు చేతికొస్తే అందులో పదివేలు బ్యాంకుకే. మిగిలిన దానితో హైదరాబాద్‌లోనో భువనేశ్వర్‌లోనో బతకాలి. పీజీ చదవాలనుకుంటే అప్పుడు కొత్త అప్పు ఎవరిస్తారు?

ఇది ఊహించి చెబుతున్నది కాదు. మా అన్నయ్య కూతురు ఇలాగే ఒక పెద్ద నగరంలో, పేరు చెప్పను, ఖరీదైన కాలేజీలో బిజినెస్ డిగ్రీ చేసింది. తెలివైన పిల్ల. చదువయ్యేసరికి అప్పు నెత్తి మీదుంది. ఎంఏ సీటు వచ్చినా వదులుకుని, సేల్స్ ఉద్యోగంలో చేరింది. ఆ సీటు వచ్చిన ఉత్తరం ఇప్పటికీ దాని పెట్టెలో ఉంది. చేరేముందు నన్ను అడిగారు. అప్పుడు నేను గట్టిగా అడ్డుపడలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు, అందుకే ఇప్పుడు మీకింత గట్టిగా చెబుతున్నాను.

"ప్లేస్‌మెంట్ 100 శాతం అన్నారు సార్, యావరేజ్ ప్యాకేజీ 6 లక్షలట" అని మీరు రాశారు. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి.

యావరేజ్ అనే మాటకు లోబడొద్దు. పదిమందిలో ఒకరికి 24 లక్షలు, తొమ్మిదిమందికి తలా 3 లక్షలు వస్తే యావరేజ్ 5 లక్షలు దాటుతుంది. మీ అమ్మాయి ఆ తొమ్మిదిమందిలో ఉంటుందని అనుకునే లెక్క వేసుకోవాలి. అందుకని మీడియన్ అడగండి, అంటే జీతాలను వరుసలో పెడితే మధ్యన నిలిచేది. ఇది మీరు ఎవరినీ బతిమాలి తెలుసుకోనక్కర్లేదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్‌కు వెళ్లే ప్రతి కాలేజీ, యూనివర్సిటీ తమ లెక్కలు సమర్పిస్తాయి, ఆ పత్రం వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలి. అందులో "ప్లేస్‌మెంట్ అండ్ హయ్యర్ స్టడీస్" అనే పట్టిక ఉంటుంది. ఎంతమంది చేరారు, ఎంతమంది సమయానికి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మీడియన్ జీతం ఎంత, ఎంతమంది పై చదువులకు వెళ్లారు అన్నీ ఏడాదివారీగా ఉంటాయి.

ఆ పట్టికను ఇలా చదవండి. చేరినవాళ్లు 60 అనుకుందాం. సమయానికి పాసైనవాళ్లు 48. ఉద్యోగం వచ్చినవాళ్లు 20, పై చదువులకు వెళ్లినవాళ్లు 15. మిగిలిన 13 మంది ఏమయ్యారో పట్టిక చెప్పదు. పాస్ కాని 12 మంది సంగతీ చెప్పదు. మీడియన్ జీతం కూడా ఉద్యోగం వచ్చిన ఆ 20 మందిదే. అంటే 60 మంది ఫీజు కడితే ముగ్గురిలో ఒకరికి ఆ జీతం. ప్రకటనలో కనిపించే వంద శాతం "ప్లేస్‌మెంట్‌కు నమోదు చేసుకున్నవాళ్లలో" అని ఉంటుంది, చిన్న అక్షరాల్లో.

ఇంకో చిక్కుంది. ఆ పట్టికలో మూడేళ్ల డిగ్రీలన్నీ ఒకే కుప్పగా ఉంటాయి. బిజినెస్ ఎకనామిక్స్ వాళ్ల సంగతి విడిగా కనబడదు. కాబట్టి మీరు భువనేశ్వర్ వెళ్లినప్పుడు అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఆగకుండా డిపార్ట్‌మెంట్‌కే వెళ్లి, "గత బ్యాచ్‌లో ఈ కోర్సు చదివినవాళ్లు ఎంతమంది, ఎవరెవరు ఏ కంపెనీల్లో ఏ పనిలో చేరారు" అని అడగండి. సంతోషంగా చూపించే డిపార్ట్‌మెంట్ ఉంటే దానిని గౌరవించండి. కోర్సు కొత్తదై ఇంకా ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాకపోతే, 100 శాతం అన్న మాట ఎక్కడిదో మీకే అర్థమవుతుంది.

బావమరిది మాటకు వద్దాం. ఆయన ప్రేమతోనే చెప్పి ఉంటారు. కానీ ఆంధ్రాలో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ రాష్ట్ర నివాసులకే. సీట్లలో కూడా 85 శాతం స్థానికులకు, మిగిలిన 15 శాతంలోనే బయటివాళ్లకు చోటు, దానికీ షరతులున్నాయి. మీ అమ్మాయి పదో తరగతి, ప్లస్ టూ రెండూ ఒడిశాలో చదివింది. బావమరిది అడ్రస్ మీద నివాస పత్రం పుట్టించడం అంటే తప్పుడు పత్రం. ఎప్పుడో ఉద్యోగంలో చేరేటప్పుడు సర్టిఫికెట్ల పరిశీలనలో బయటపడితే పిల్ల జీవితానికే మచ్చ. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. కులం సర్టిఫికెట్ విషయంలో కూడా ఇలాంటి తిరకాసే ఉంది. సరిహద్దుకు అటు బీసీ అయిన కులం ఇటు జాబితాలో ఉండకపోవచ్చు. కేంద్ర ఓబీసీ జాబితా కూడా రాష్ట్రాలవారీగానే ఉంటుంది. సెంట్రల్ యూనివర్సిటీకి దరఖాస్తు చేసేముందు ఒడిశా పేరు కింద మీ కులం ఉందో లేదో చూసుకోండి. ఉంటే నాన్ క్రీమీలేయర్ పత్రం తాజాది తీసుకోవాలి, పాతది చెల్లదంటారు.

ఆంధ్రాలో చదువు మంచిది కాదని నా ఉద్దేశం కాదు. ఆంధ్రా యూనివర్సిటీ 1926 నుంచి ఉంది, మా తరంలో ఎంతోమందిమి అక్కడి వెలుగులోనే పెరిగాం. విశాఖలో సొంత ఖర్చుతో చదివించే స్తోమత ఉంటే అదీ దారే. మీ లెక్కలో అది ఉచితం కాదు, అంతే.

ఇక మిగిలింది ఎస్‌కేసీజీ. 1896లో పుట్టిన కాలేజీ, మీ ఇంటికి నడిచి వెళ్లే దూరం. ఫీజు ఏడాదికి కొన్ని వేలు. పుస్తకాలు, లాప్‌టాప్ కలిపినా మూడేళ్లకు లక్షలోపే. అయితే నిజం చెప్పాలి. మన జిల్లాల కాలేజీల్లో లెక్చరర్ పోస్టులు ఖాళీలుంటాయి. కంప్యూటర్ మీద డేటా పని తక్కువ. కంపెనీలు ప్లేస్‌మెంట్‌కు రావు. ఇంగ్లీషులో నలుగురి ముందు మాట్లాడే అలవాటు రాదు. ఈ లోపాలు తెలిసి చేరితే సరిదిద్దుకోవచ్చు. తెలియక చేరితే మూడేళ్లు నోట్సులు బట్టీపట్టి బయటికి వస్తారు.

సరిదిద్దుకునేది ఎలాగంటే, పిల్ల మొదటి ఏడాది నుంచే మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ వదలకూడదు. మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఎకనామిక్స్ తీసుకుంటే, కాలేజీలో వీలున్నంత వరకు మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా, మ్యాథ్స్ లేదా స్టాటిస్టిక్స్, లేదంటే కామర్స్ తీసుకోమనండి. పాఠాల కోసం కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం పోర్టల్‌లో ఐఐటీల ప్రొఫెసర్లు చెప్పిన కోర్సులు ఉచితంగా వినొచ్చు, పరీక్షకు మాత్రం ఫీజు ఉంటుంది. కాలేజీ ఒప్పుకుంటే ఆ క్రెడిట్లు డిగ్రీలో కలుపుకోవచ్చు. ఎక్సెల్ బాగా రావాలి, ఆ తర్వాత డేటా లెక్కలకు వాడే ఆర్ గానీ పైథాన్ గానీ. ఇవన్నీ ఇంట్లో కూర్చుని నేర్చుకునేవే. సెలవుల్లో బరంపురంలో ఒక సీఏ గారి ఆఫీసులో రెండు నెలలు పని చేయించండి. ఎలాగూ మీ కొట్టు ఉంది. మూడేళ్ల అమ్మకాల ఖాతా పిల్ల చేతికిచ్చి, రథయాత్రకు, దసరాకు ఏ సరుకు ఎంత తెప్పించాలో లెక్క కట్టమనండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి దీనికి మించిన ప్రాజెక్టు ఉండదు.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి ఉన్నాడు. ఇచ్ఛాపురం దగ్గర పల్లె, నాన్న చేపల వ్యాపారం. బరంపురంలో ప్లస్ త్రీ, అంటే మూడేళ్ల డిగ్రీ, ఎకనామిక్స్‌లో చేశాడు, రోజూ రైల్లో వచ్చేవాడు. మూడో ఏట పొద్దున్నే మా ఇంటికొచ్చి స్టాటిస్టిక్స్ చెప్పించుకునేవాడు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ సీటు తెచ్చుకున్నాడు. ఐదేళ్ల మొత్తం ఖర్చు నాలుగు లక్షలు దాటలేదు. ఇప్పుడు ఒక కంపెనీలో రిస్క్ విభాగంలో ఉన్నాడు. మొదటి డిగ్రీ ఎక్కడ చేశావని అక్కడ ఎవరూ అడగలేదట. డేటాతో లెక్కల మోడల్ కట్టడం వచ్చా అని అడిగారట.

పీజీ దగ్గర తలుపులు ఎలా తెరుచుకుంటాయో కూడా తెలియాలి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకు ఎకనామిక్స్, అప్లైడ్ ఎకనామిక్స్, బిజినెస్ ఎకనామిక్స్, ఎకనోమెట్రిక్స్‌లో పీజీ ఉండాలి. లెక్చరర్ ఉద్యోగాలకు రాసే యూజీసీ నెట్‌లో కూడా బిజినెస్ ఎకనామిక్స్ ఎకనామిక్స్ సబ్జెక్టు కిందికే వస్తుంది. రిజర్వు బ్యాంకు ఎకనామిక్స్ పరిశోధన విభాగం అధికారి పోస్టులకూ పీజీయే అర్హత. వీటిలో దేనికీ మూడేళ్ల డిగ్రీ ఒక్కటే చాలదు. సీయూఈటీ పీజీ రాస్తే హైదరాబాద్, జేఎన్‌యూ, ఢిల్లీ వంటి చోట్లకు వెళ్లొచ్చు. మన కోరాపుట్ దగ్గర సునాబెడలోనే 2009లో వచ్చిన సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, అక్కడ ఎంఏ ఎకనామిక్స్ ఉంది. మీ స్థలం అప్పటికీ ఉంటే, ఆ రెండేళ్లకు పిల్ల దిగులు లేకుండా చదువుకుంటుంది.

డిగ్రీతోనే ఉద్యోగం కావాలంటే బ్యాంకులున్నాయి. ఇక్కడ మన సరిహద్దు పిల్లలకు మిగతావాళ్లకు లేని బలం ఒకటి ఉంది. క్లర్కు పోస్టులకు, గ్రామీణ బ్యాంకులకు స్థానిక భాష రావాలి. మీ అమ్మాయికి ఒడియా చదవడం, రాయడం వచ్చు, ఇంట్లో తెలుగు. తెలుగు రాయడం కూడా నేర్పితే ఒడిశా గ్రామీణ బ్యాంకుకు గానీ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుకు గానీ ధైర్యంగా దరఖాస్తు చేయొచ్చు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా పరీక్ష పాసై ఉండాలనే నిబంధన ఉంది కాబట్టి ఆ భాషను చిన్నచూపు చూడనివ్వకండి. ఈ ఉద్యోగాలకు ఏ డిగ్రీ అయినా ఒకటే. పదిన్నర లక్షల డిగ్రీకి, లక్ష రూపాయల డిగ్రీకి అక్కడ ఒకే వరుస.

డబ్బు సాయం గురించి రెండు మాటలు. ప్లస్ టూ బోర్డులో తన గ్రూపులో పై 20 శాతంలో ఉండి, ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలు దాటకపోతే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు పెట్టండి. డిగ్రీలో ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు ఇస్తారు. సంఖ్య పరిమితం, అయినా పెట్టి తీరాలి. లోన్ తప్పదనుకుంటే 4 లక్షల వరకు మామూలుగా హామీ ఆస్తి అడగరు. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన మంచి సంస్థల్లో మెరిట్‌తో సీటు తెచ్చుకున్నవాళ్లకు హామీ లేకుండా లోన్ ఇస్తారు. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు అది రాదు.

ఒకవేళ ఇవన్నీ విన్నాక కూడా అమ్మాయి భువనేశ్వర్‌కే వెళ్తానంటే కోప్పడకండి. మెరిట్ మీద ఫీజులో కనీసం సగం తగ్గింపు రాతపూర్వకంగా ఇస్తే, మీడియన్ జీతం పట్టిక చూసి తృప్తి చెందితే చేర్పించండి. కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి. వాటిని కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. నా విద్యార్థిని ఒకమ్మాయి సీటు మార్చుకుందామంటే ఒక కాలేజీ వాళ్లు మెమోలు ఇవ్వకుండా మూడు నెలలు తిప్పారు. ఆ ఏడాది పోయింది.

చివరిగా మీరు చేయాల్సిన పని. ప్లస్ టూ మార్కుల మెమో తీసి, అందులో మ్యాథమెటిక్స్ అనే సబ్జెక్టు విడిగా ఉందా, బిజినెస్ మ్యాథ్స్ అండ్ స్టాటిస్టిక్స్ మాత్రమే ఉందా చూడండి. విడిగా ఉంటే దారులన్నీ తెరిచి ఉన్నట్టే. లేకపోతే వచ్చే ఏడాది ఢిల్లీకి ప్రయత్నించాలనుకున్నా, ఆ సబ్జెక్టు చెల్లుతుందో లేదో యూనివర్సిటీకి మెయిల్ రాసి జవాబు రాతలో తెప్పించుకోవాలి. మెమోలో ఏముందో, సీయూఈటీ రాసిందో లేదో నాకు రాయండి. ఎస్‌కేసీజీలో చేరేటట్టయితే మొదటి సెమిస్టర్‌కు ఏ పుస్తకాలు కొనాలో నేను చెబుతాను. స్టాటిస్టిక్స్‌లో ఎక్కడ ఇబ్బంది వచ్చినా అమ్మాయిని నేరుగా నన్నే అడగమనండి.